బటన్ పడట్లేదా? ముందు లివర్ సంగతి చూడండి

పోయిన దసరాకి మలక్‌పేటలో బాబాయి వాళ్లింట్లో సామాను సర్దుతుంటే, సజ్జ మీద పాత బిందెల వెనకాల ఒక తోలు సంచి దొరికింది. లోపల పెంటాక్స్ కె1000, రీలు వేసి ఫొటోలు తీసే పాత కెమెరా. "అది పాడైపోయిందిరా, ఎప్పుడో పక్కన పడేశా. బటన్ పడదు" అన్నాడు బాబాయి. నొక్కి చూశాను. నిజమే, పడట్లేదు. రీలుని ముందుకి జరిపే లివర్ తిప్పబోతే సగం దాకా వచ్చి ఆగిపోయింది. బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాను. ఊహూ. లోపల ఏమైందో చూద్దామని వెనక మూత తెరిచాను.

లోపల రీలు ఉంది.

రెండు సెకన్లలో మూత మూసేశాను. కానీ రీలుకి రెండు సెకన్లంటే చాలా ఎక్కువ. ఈ ఘనకార్యం ఎవరికీ చెప్పకుండా, ఆ వారంలోనే కెమెరా పట్టుకుని కోఠి వెళ్లాను. అక్కడ ఒక గల్లీలో మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన బటన్ వంక చూడనే లేదు. ఎడమ పక్కనున్న రివైండ్ పిడిని మడత విప్పి, వేలితో బాణం గుర్తు వైపు రవ్వంత కదిపాడు. అది బిగుసుకుని ఉంది. "రీల్ ఖతం అయింది భయ్యా, కెమెరాకేం కాలే" అన్నాడు.

అప్పట్లో బాబాయి 24 ఫొటోల రీలు వేసి 36 అనుకున్నాడన్నమాట. ఇరవై నాలుగో ఇరవై అయిదో దాటాక లివర్ ఆగిపోయింది, బటన్ పడలేదు. పాడైందనుకుని సజ్జ ఎక్కించాడు. ఇరవై ఏళ్లుగా అక్కడ ఉన్నది పాడైన కెమెరా కాదు, రీలు అయిపోయిన కెమెరా.

పాత కెమెరాల గురించి నన్ను అడిగేవాళ్లలో సగం మంది చెప్పే ఫిర్యాదు ఇదే: బటన్ నొక్కితే ఏమీ జరగట్లేదని. దాదాపు ప్రతిసారీ వాళ్లు బటన్‌నే అనుమానిస్తారు. నా అనుభవంలో తప్పు బటన్‌ది అయిన సందర్భాలు చాలా తక్కువ.

ఎందుకో తెలియాలంటే ఎలుకల బోను గుర్తు తెచ్చుకోండి. బోనులో బలమంతా స్ప్రింగుది. ఆ స్ప్రింగుని లాగి కొక్కేనికి తగిలించేది మనం. ఎలుక చేసేదల్లా ఎరని ముట్టుకోవడమే. బోను బిగించకుండా వదిలేస్తే ఎలుక దాని మీద గెంతులేసినా తలుపు పడదు. కెమెరాలో బోను బిగించేది లివర్, ఎరని ముట్టుకునేది బటన్. కె1000 లాంటి కెమెరాలో లివర్ ఒక్కసారి పూర్తిగా తిప్పితే నాలుగు పనులవుతాయి. రీలు ఒక ఫొటో మేర, అంటే అంచున ఉండే కన్నాల లెక్కలో ఎనిమిది కన్నాలు, ముందుకి జరుగుతుంది. ఫిల్మ్ మీద వెలుతురు పడే దారిని తెరిచి మూసే షట్టర్‌లోని రెండు గుడ్డ తెరలూ ఒక పక్కకి చుట్టుకుని స్ప్రింగు బిగుసుకుంటుంది. అద్దాన్ని పైకి లేపే స్ప్రింగు కూడా సిద్ధమవుతుంది. ఇవన్నీ అయ్యాకే బటన్ కింద అడ్డంగా ఉన్న గొళ్లెం తొలగుతుంది. తర్వాత బటన్ నొక్కితే అద్దం లేస్తుంది, లెన్స్ రంధ్రం మనం పెట్టిన మేరకి చిన్నదవుతుంది, మొదటి తెర పరుగెడుతుంది, దాని వెనకే రెండోది. 1/1000 సెకను వేగంలో ఆ రెండు తెరల మధ్య ఉండేది సన్నని చీలిక మాత్రమే. ఆ చీలికే ఫిల్మ్ మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి పాకుతుంది.

ఈ వరసలో ఎక్కడ తేడా వచ్చినా మనకి తెలిసేది ఒక్కటే: బటన్ పడదు. అందుకే బటన్ దగ్గర మొదలుపెడితే ఏమీ తేలదు, లివర్ దగ్గర మొదలుపెట్టాలి.

లివర్ సగంలో ఆగిందా? అయితే నూటికి తొంభై పాళ్లు బాబాయి కథే. బోను సగమే బిగిసింది కాబట్టి గొళ్లెం తొలగలేదు. బలవంతంగా లాగొద్దు. రీలు చివర డబ్బాలోని ఇరుసుకి అతికించి ఉంటుంది, లాగితే ఊడొస్తుంది, లేదా అంచు కన్నాలు చిరుగుతాయి. కెమెరా అడుగున ఉండే చిన్న బటన్ నొక్కి, పైన పిడిని బాణం గుర్తు వైపు తిప్పుతూ రీలంతా డబ్బాలోకి చుట్టేయండి. చివర్లో పిడి ఒక్కసారిగా వదులైపోతుంది. అప్పుడు లివర్ మిగతా సగం కూడా తిరుగుతుంది, బటన్ పడుతుంది. మూత మాత్రం తెరవొద్దు. నేను పోగొట్టుకున్నది ఫొటోలే కాదు, ఆధారం కూడా. మూత తెరవగానే ఫొటోల లెక్క చూపే అంకె మొదటికి పడిపోతుంది. ఎన్నో ఫొటో దగ్గర ఆగిందో ఇక తెలియదు. రీలు ఇరుసు నుంచి ఊడిపోయి ఉంటే, రాత్రిపూట బాత్‌రూమ్‌లో లైట్లార్పి, తలుపు కింద తువ్వాలు దోపి, చీకట్లోనే తీసి నల్ల డబ్బాలో పెట్టాలి. అంతకన్నా ల్యాబ్ వాళ్ల చేతికి కెమెరాతో సహా ఇచ్చేయడం నయం.

లివర్ అసలు కదలనే కదలట్లేదా, బటన్ కూడా పడట్లేదా? అప్పుడు బోను బిగిసే ఉంది, ఎర దగ్గరే ఏదో అడ్డం. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే వీటిలో చాలావి అసలు లోపాలు కావు, కెమెరా చేసినవాళ్లు కావాలని పెట్టిన తాళాలు. నికాన్ ఎఫ్‌ఎం2లో లివర్‌ని పూర్తిగా లోపలికి మడిచి ఉంచితే బటన్ తాళం పడి ఉంటుంది. దాన్ని కొంచెం బయటికి లాగి పెడితేనే పని చేస్తుంది. రోలీఫ్లెక్స్‌లో బటన్ చుట్టూ ఉండే చిన్న రింగు తిప్పితే తాళం. హాసెల్‌బ్లాడ్ 500 సీరీస్‌లో ఫిల్మ్ ముందున్న పల్చటి రేకు తీయకపోతే బటన్ కదలదు. ఆ రేకు తీయడం మర్చిపోయి మొత్తం కెమెరాని రిపేరుకి తెచ్చినవాళ్లు ఉన్నారని కోఠి పెద్దాయన నవ్వుతూ చెప్పాడు.

కేబుల్ రిలీజ్, అంటే వేలికి బదులు బటన్‌ని నొక్కే సన్నని తీగ, తగిలించి చూడటం కూడా మంచి పరీక్ష. బటన్ మధ్యలో సన్నని మర కన్నం ఉంటుంది కదా, అందులో కేబుల్ బిగించి నొక్కండి. వేలితో పడనిది కేబుల్‌తో పడితే, పై బటన్‌కీ దాని కింది మీటకీ మధ్య అరుగుదల వచ్చిందని అర్థం. ఎక్కడ వెతకాలో తేలిపోయింది. నిజంగా బటన్‌దే తప్పు అని నేను ఒప్పుకునేది ఈ ఒక్క సందర్భంలోనే.

లెన్స్ ఊడదీసి నొక్కడం ఇంకో పరీక్ష. లెన్స్ లేకుండా షట్టర్ పడితే కెమెరా బాగానే ఉన్నట్టు. లెన్స్ లోపలి రేకులకి నూనె పట్టి, వాటిని కదిపే చిన్న మీట బిగుసుకుని, అది అద్దాన్ని కూడా ఆపేస్తోందన్నమాట. ముందే రీలు తీసేసి ఈ పరీక్ష చేయండి.

సెల్ఫ్ టైమర్, అంటే నొక్కాక కొన్ని సెకన్లు ఆగి ఫొటో తీసే మీట, దాని గురించి ఒక్క మాట. పాత కెమెరా చేతికి రాగానే అందరూ ముచ్చటపడి తిప్పేది దాన్నే. లెన్స్‌లోనే షట్టర్ ఉండే పాత కెమెరాల్లో దాని జోలికి పోకండి. ఆ చిన్న గేర్ల వరసలో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. సగం దూరం వెళ్లి ఆగిపోతే షట్టర్ మొత్తాన్ని పట్టుకుని కూర్చుంటుంది. బాగున్న కెమెరాని చేజేతులా పాడుచేసుకునే దారి ఇది.

ఇక బ్యాటరీ. 1976లో రెండు కెమెరాలు వచ్చాయి. ఒకటి బాబాయి కె1000, రెండోది కెనాన్ ఏఈ-1. కె1000లో బ్యాటరీ ఉన్నది లోపల సూదిని కదపడానికి, అంటే వెలుతురు ఎంతుందో చూపడానికి మాత్రమే. బ్యాటరీ తీసి పారేసినా అన్ని వేగాల్లోనూ షట్టర్ పడుతుంది. ఏఈ-1లో అలా కాదు. అక్కడ గొళ్లెం తీసేది విద్యుదయస్కాంతం. 6 వోల్టుల బ్యాటరీ లేకపోతే మీరెంత నొక్కినా అది చచ్చిన కెమెరాయే. అదే ఏడాది, అదే పరిమాణం, అవే మనుషుల కోసం చేసినవి. అయినా 'బటన్ పడట్లేదు' అనే మాటకి ఒకదాంట్లో ఒక అర్థం, ఇంకోదాంట్లో ఇంకో అర్థం. అందుకే ఎవరైనా ఫోన్ చేసి 'కెమెరా పని చేయట్లేదు' అంటే నేను మొదట అడిగేది మోడల్ పేరు.

కొన్ని కెమెరాలు మధ్యేమార్గం పట్టాయి. నికాన్ ఎఫ్‌ఈలో ఎం90 అనే గుర్తు దగ్గర, పెంటాక్స్ ఎంఈ సూపర్‌లో 125ఎక్స్ దగ్గర పెడితే బ్యాటరీ లేకుండానే షట్టర్ పడుతుంది. పడితే యంత్రం బాగుంది, కరెంటు సంగతి చూసుకోండి. ఒలింపస్ ఓఎం-10లో బ్యాటరీ నీరసిస్తే అద్దం పైన ఇరుక్కుపోయి, కళ్లు పెడితే అంతా నల్లగా కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, వేగాన్ని 'బి' దగ్గరకి తిప్పితే అద్దం దిగుతుంది. మినోల్టా ఎక్స్-700 మాత్రం వేరే రకం. కొత్త బ్యాటరీ వేసినా, లోపల లైట్లు వెలిగినా బటన్ పలకకపోతే, అడుగు భాగంలో ఉండే కెపాసిటర్ (కరెంటు దాచుకునే చిన్న భాగం) పోయిందని మెకానిక్‌లు చూడకుండానే చెప్పేస్తారు. చౌక వస్తువే, కానీ టంకం వేయడం తెలిసిన చెయ్యి కావాలి.

కొత్త బ్యాటరీ వేసే ముందు గూడులోకి టార్చి వేసి చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుని ఉంటే అది పాత బ్యాటరీ కక్కిన రసాయనం. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా తడిపి తుడిచి, తర్వాత పొడి దూదితో ఆరబెట్టాలి. సగం 'చచ్చిన' కెమెరాలు ఈ ఒక్క పనితో లేచి కూర్చుంటాయి.

బటన్ పడుతోంది, చప్పుడూ వస్తోంది, కానీ షట్టర్ తెరుచుకోవట్లేదు, లేదా బద్ధకంగా తెరుచుకుంటోంది. ఇది లెన్స్‌లో షట్టర్ ఉండే కెమెరాల జబ్బు. వీటిలో పల్చటి ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పువ్వులా ముడుచుకుని ఉంటాయి. అవి పొడిగా జారాలి, నూనె అక్కర్లేదు. పక్కనున్న గ్రీజు ఏళ్ల తరబడి కరిగి వాటి మీదికి పాకితే, తడి గాజు పలకలు రెండు అతుక్కున్నట్టు అతుక్కుపోతాయి. మన ఊళ్లో మే నెల ఎండకి స్లాబు కింద సజ్జ మీద పెట్టిన కెమెరాలో గ్రీజు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడ నా పాపం ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక ఆగ్ఫా ఐసొలెట్ కొన్నాను, మడతపెట్టే కెమెరా. షట్టర్ నెమ్మదిగా పడుతోంది. ఇంట్లో అమ్మ కుట్టు మిషన్ నూనె ఉంది కదా అని ఒక చుక్క వేశాను. రెండు రోజులు అద్భుతంగా పని చేసింది. మూడో రోజు రేకులు అతుక్కుని ఇక కదల్లేదు. తలుపు బందులకి కొట్టే స్ప్రేలు కూడా అంతే, ఇంకా ఘోరం. వాటికి కావలసింది నూనె తీసేయడం, వేయడం కాదు. సిగరెట్ లైటర్లలో పోసే ద్రవాన్ని ఇయర్‌బడ్‌తో రాసి, షట్టర్ పది ఇరవై సార్లు ఆడించి, ఆరనిచ్చి, మళ్లీ రాయాలి. కిటికీలు తీసి, స్టవ్‌కి దూరంగా, ఎందుకంటే అది భగ్గున అంటుకునే సరుకు. అప్పటికీ రేకుల మీద జిడ్డు మెరుస్తుంటే విప్పి కడగాల్సిందే, అది మనవల్ల అయ్యే పని కాదు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆగ్ఫా క్లిక్ 3కి ఈ గొడవలేవీ లేవు. దాంట్లో బోను ముందుగా బిగించే పనే లేదు, నొక్కడంలోనే స్ప్రింగు బిగిసి వదులవుతుంది. రీలుకీ షట్టర్‌కీ సంబంధం లేదు, తిప్పకుండా మళ్లీ నొక్కినా పడుతుంది, ఒక ఫొటో మీద ఇంకో ఫొటో వస్తుంది. అసలు షట్టరే లేని కాలంలో లెన్స్ మూత చేత్తో తీసి, మనసులో అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టేవాళ్లు. మన నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ (1844-1905) తరం వాళ్లు చూసిన రోజులవి. రిపేరుకి ఏముంటుంది, మూత పోతే తప్ప.

యాషికా ఎలక్ట్రో 35 ఉన్నవాళ్లు చెవి పెట్టి వినాలి. 1960ల మధ్యలో మొదలై ఏళ్ల తరబడి తయారైన ఈ కెమెరాలో బటన్ కింద ఒక కడ్డీ ఉంటుంది. లివర్ తిప్పేటప్పుడు ఆ కడ్డీ వెనక్కి వచ్చి ఒక చిన్న రబ్బరు ముక్క మీద పడుతుంది. 'టక్' మని చప్పుడు లివర్ తిప్పే వేళ్లకి కూడా తెలుస్తుంది. ఆ చప్పుడు వినిపించకపోతే రబ్బరు పొడైపోయిందన్నమాట. కడ్డీ తన చోటికి చేరదు, వెలుతురు లెక్క తప్పుతుంది. మనిషేమో బటన్ బాగానే పడుతోంది కదా అనుకుంటాడు. రీలంతా అయ్యాక, కడిగించాక గానీ తెలియదు. ఇదే కెమెరాలో బ్యాటరీ లేకపోయినా షట్టర్ పడుతుంది గానీ, ఏం పెట్టినా 1/500 వేగంలోనే పడుతుంది. కాబట్టి 'పడుతోంది' అనే మాటని నమ్మడానికి లేదు.

సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన జోర్కీ, ఫెడ్ కెమెరాల విషయంలో ఒకటే నియమం: లివర్‌గానీ రీలు చుట్టే గుండీగానీ తిప్పాకే వేగం మార్చాలి. ముందే మార్చితే లోపలి వరస గాడి తప్పుతుంది, కొన్ని మోడళ్లలో విరుగుతుంది కూడా. ఆదివారం సంతలో అలాంటిది చేతికి వస్తే డయల్ మీద వేలు పెట్టే ముందు బోను బిగించండి.

మళ్లీ బాబాయి కెమెరా దగ్గరికి. కోఠి పెద్దాయన రీలు వెనక్కి చుట్టి, తీసి నా చేతిలో పెట్టాడు. లివర్ తిప్పాడు, నొక్కాడు. పడింది. నేను సంతోషించేలోపు ఆయన కంటి దగ్గర పెట్టుకుని "చూడు" అని ఇచ్చాడు. అంతా నల్లగా ఉంది. అద్దం పైకి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

ఇది అసలైన రిపేరు. అద్దం పైకి కొట్టుకునే చోట దెబ్బ తగలకుండా సన్నని నురుగు పట్టీ అతికిస్తారు. ఇరవై ముప్పై ఏళ్లకి అది కుళ్లి తారులా జిగటగా మారుతుంది. అద్దం అంచు దానికి అతుక్కుంటే దిగదు. ఆయన లెన్స్ తీసి, పట్టకారుతో అద్దం అంచుని, అంచుని మాత్రమే, పట్టుకుని నెమ్మదిగా కిందకి దించాడు. "అద్దం మీద వేలు పెట్టకు" అన్నాడు. ఇంట్లో అద్దానికి పూత గాజు వెనకాల ఉంటుంది, దీనికి ముందు ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పూతే పోతుంది. అగ్గిపుల్ల చివర కొద్దిగా స్పిరిట్ తడి చేసి, పాత పట్టీని నలకలు నలకలుగా గీకి తీశాడు, నలకలు లోపల బొమ్మ కనిపించే గాజు తెర మీద పడకుండా కాగితం ముక్క అడ్డం పెట్టి. నల్లటి జిగురు ఆయన గోరు కిందకి చేరింది. కొత్త పట్టీ కత్తిరించి అతికించడానికి పట్టింది అయిదు నిమిషాలు, పాతది తీయడానికి ముప్పావు గంట.

ఇంట్లో విప్పుదామనుకునేవాళ్లకి రెండు జాగ్రత్తలు. జపాన్ కెమెరాల్లో ప్లస్ ఆకారపు స్క్రూలు మన మామూలు స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా కూర్చోవు. ఆ దేశపు ప్రమాణం వేరు, వాటి కోసం వేరే మొనలు దొరుకుతాయి. మామూలు దానితో తిప్పితే తల అరిగిపోయి, తర్వాత ఎవరూ విప్పలేరు. రెండోది ప్రాణం మీది సంగతి: లోపలే ఫ్లాష్ ఉండే కెమెరాలో కెపాసిటర్ దాదాపు 300 వోల్టులు దాచుకుని ఉంటుంది, బ్యాటరీ తీసినా సరే. వాటిని విప్పకండి.

రీలు సంగతి చెప్పలేదు కదూ. పాత రీళ్లు తీసుకునే ల్యాబ్ ఒకటి వెతికి పట్టుకుని కడిగించాను. మూత తెరిచినప్పుడు చుట్టలో పైపొరల్లో ఉన్న ఫొటోలకి, అంటే ఆఖరున తీసినవాటికి, వెలుతురు తగిలింది. అవన్నీ పోయాయి. చుట్ట లోపల ఉన్న మొదటి ఏడు మిగిలాయి, రంగులు ఎర్రబారి, అంచులు మసకగా. బాసరలో చెల్లి అక్షరాభ్యాసం. పళ్లెంలో బియ్యం, పిన్ని చెల్లి వేలు పట్టుకుని దిద్దిస్తోంది, చెల్లి మాత్రం బియ్యం వంక కాకుండా బాబాయి కెమెరా వంక చూస్తోంది.

చెల్లి ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. ఫొటోలు చూసి, "ఏడేనా అన్నయ్యా, మిగతావి ఏమయ్యాయి?" అంది. ఇరవై ఏళ్ల పాత రీలు కదా అన్నాను. అది కూడా అబద్ధమేం కాదు.